రైఫిల్ మీదికి కంప్యూటర్ సైట్ వచ్చాక

మీ రైఫిల్ మీదికి కంప్యూటర్ ఉన్న సైట్ ఈ ఏడాది రాకపోవచ్చు. మీ సర్వీసు పూర్తయ్యేలోపు మాత్రం వచ్చే అవకాశమే ఎక్కువ. మన నౌకాదళం 2020లోనే ఇజ్రాయెల్ కంపెనీ స్మార్ట్ షూటర్ తయారుచేసే స్మాష్ 2000 ప్లస్ సైట్లకు ఆర్డరిచ్చింది. బ్రిటిష్ సైన్యం 2023లో అదే కంపెనీ నుంచి 46 లక్షల పౌండ్లకు 225 సైట్లు కొన్నది. అమెరికా సైన్యం 2022 జనవరిలో వోర్టెక్స్ కంపెనీతో పెద్ద ఒప్పందం చేసుకుంది. పదేళ్లలో రెండున్నర లక్షల దాకా ఎక్స్‌ఎం157 సైట్లు తీసుకోవడం దాని లక్ష్యం. ఇవి ప్రదర్శనలో పెట్టడానికి కొన్నవి కావు, మామూలు సిపాయి భుజానికి వెళ్లేవి.

బ్యారక్‌లో ఈ సంగతి వస్తే రెండు మాటలు వినిపిస్తాయి. కొత్తగా చేరిన తమ్ముళ్లు, "ఇక గంటలకొద్దీ శిస్త్ ప్రాక్టీస్ ఎందుకన్నా, మెషీనే కొడుతుంది కదా" అంటారు. ఇరవై ఏళ్ల సర్వీసున్న హవల్దార్ సాబ్ అయితే, "బ్యాటరీ అయిపోయిన రోజు తెలుస్తుంది, మాకు ఐరన్ సైట్ చాలు" అంటారు. ఈ రెండింటిలో దేన్ని పట్టుకున్నా మీకు నష్టమే. మొదటి మాట నమ్మినవాడు సైట్ మొరాయించిన రోజున సెక్షన్‌కు భారమవుతాడు. రెండో మాట నమ్మినవాణ్ణి కొత్త ఆయుధం వచ్చినప్పుడు కోర్సుకు పంపరు, ట్రయల్స్‌లో పిలవరు. అతని కంటే జూనియర్ ఉస్తాద్ అయి ముందుకు పోతాడు. అగ్నివీర్‌గా చేరినవారికైతే ఆలస్యం చేసే వీలే లేదు. నాలుగేళ్ల తర్వాత రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకునేది 25 శాతం దాకానే. మీ పక్క బెడ్‌లో ఉన్నవాడూ మీలాగే కష్టపడుతున్నాడు.

కాబట్టి తెలుసుకోవలసింది ఒకటే: ఈ సైట్ ఏ పని తన మీద వేసుకుంటుంది, ఏ పని మీకే వదిలేస్తుంది. ఆ గీత ఎక్కడుందో తెలిసిన జవానుకు రెండు వైపులా పట్టు ఉంటుంది.

సైట్ ఏం లెక్కపెడుతుంది

రైఫిల్ ఎప్పుడూ కాల్చేవాడికన్నా కచ్చితమైనదే. కొరియా యుద్ధ కాలంలో, 1952లో, అమెరికా సైన్యం కోసం నార్మన్ హిచ్‌మన్ ఒక అధ్యయనం చేశాడు. యుద్ధంలో రైఫిల్ తూటా తగిలే అవకాశం 100 గజాలు దాటగానే బాగా పడిపోతుందని, 300 గజాలు దాటి తగిలేవి చాలా తక్కువని అందులో తేల్చాడు. తుపాకీ దోషం కన్నా కాల్చేవాడి గురి దోషమే ఎన్నో రెట్లు పెద్దదన్నది అసలు సారాంశం. అలసట, భయం, దూరం అంచనాలో పొరపాటు, కదిలే టార్గెట్ అన్నీ ఆ దోషంలో కలుస్తాయి. కంప్యూటర్ సైట్ తయారుచేసేవాళ్లు కొట్టాలని చూస్తున్నది ఈ దోషాన్నే.

దూరం సంగతి ఏకే-203తో చూద్దాం. దీని 7.62×39 రౌండ్ సెకనుకు సుమారు 715 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. టార్గెట్ 300 మీటర్లలో ఉందనుకుని సైట్ పెట్టారు, నిజానికి అది 400 మీటర్లలో ఉంది. రౌండ్ రెండున్నర మూడు అడుగులు కిందికి పోతుంది. ఛాతీకి గురిపెడితే మోకాలి దగ్గర మట్టి లేస్తుంది. మీ శిస్త్, మీ ట్రిగ్గర్ రెండూ బాగున్నా దూరం ఒక్కటి తప్పినందుకు మొత్తం తప్పింది. లేజర్ రేంజ్‌ఫైండర్ ఈ పొరపాటును క్షణంలో తీసేస్తుంది. ఎక్స్‌ఎం157లో రేంజ్‌ఫైండర్‌తో పాటు గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత చూసే సెన్సర్లు, దిక్సూచి, బాలిస్టిక్ లెక్క కట్టే ప్రాసెసర్ ఉంటాయి. లెక్క అయ్యాక గురిపెట్టాల్సిన చుక్క లెన్స్‌లోనే కనిపిస్తుంది. ఎత్తైన చోట గాలి పలచన కాబట్టి తూటా తక్కువ దిగుతుంది. మైదానంలో జీరో చేసిన రైఫిల్ లద్దాఖ్‌లో పైకి కొట్టేది ఇందుకే. ఆ సవరణను సెన్సర్లు మనకన్నా బాగా చేస్తాయి, ఒప్పుకోవాలి.

కదిలే టార్గెట్ దగ్గర దీని ఉపయోగం ఇంకా ఎక్కువ. 300 మీటర్లు వెళ్లడానికి ఆ తూటాకు అర సెకను పైనే పడుతుంది. సెకనుకు 3 మీటర్ల వేగంతో అడ్డంగా పరుగెత్తే మనిషి ఆలోపు మీటరున్నర దాటిపోతాడు. అంత ముందుకు గురిపెట్టడం ఏళ్ల ప్రాక్టీస్ ఉన్నవాడికే కష్టం. ఇక చిన్న డ్రోన్ విషయానికొస్తే, అది పైకి, కిందికి, పక్కకు ఎటైనా మళ్లుతుంది. దాన్ని ఐరన్ సైట్‌తో కొట్టడం దాదాపు అదృష్టమే. స్మాష్ లాంటి సైట్లు ఎక్కువగా అమ్ముడుపోతున్నది డ్రోన్లను పడగొట్టడానికే. బ్రిటిష్ సైన్యం కొన్నదీ అందుకే. నా అభిప్రాయంలో ఈ టెక్నాలజీకి సరైన చోటు దొరికింది ఇక్కడే. మనిషి కన్ను, చెయ్యి చేయలేని పని అక్కడ నిజంగా ఉంది.

ఇప్పుడు అది చేయనిది చూద్దాం. లేజర్ మీకు దూరం చెబుతుంది గానీ గాలి చెప్పదు. మీ దగ్గర గాలి ఎలా ఉన్నా, మధ్య దారిలో, టార్గెట్ దగ్గర వేరుగా ఉండొచ్చు. అమెరికాలో ట్రాకింగ్‌పాయింట్ అనే కంపెనీ 2013లో కంప్యూటర్ రైఫిల్ అమ్మింది. టార్గెట్‌కు గుర్తు పెడితే సరైన క్షణంలో తానే పేల్చే ఆ ఖరీదైన రైఫిల్‌లో కూడా గాలి వేగాన్ని కాల్చేవాడే అంచనా కట్టి నొక్కాలి. ఏకే రౌండ్‌ను సెకనుకు 4 మీటర్ల అడ్డగాలి 300 మీటర్ల దగ్గర దాదాపు మూరెడు, 400 మీటర్ల దగ్గర దాదాపు రెండు మూరలు పక్కకు నెడుతుంది. ఆ గాలిలో ఆకులు, చిన్న కొమ్మలు ఆగకుండా కదులుతుంటాయి, అంతే. తుఫాను గాలేమీ కాదు. దాన్ని పట్టించుకోకుండా సైట్ చూపిన చుక్క మీదే కాలిస్తే కంప్యూటర్ లెక్క అంతా సరైనదై కూడా రౌండ్ పక్కన పడుతుంది. గడ్డి ఎటు వంగింది, దుమ్ము ఎటు పోతోంది, ఎండలో మిరాజ్ ఎటు పారుతోంది అన్నవి చదవడం నేర్చినవాడికి ఈ సైట్‌తోనూ పక్కవాడికన్నా ఎక్కువ మార్కులు వస్తాయి.

జీరో తప్పితే లెక్కంతా తప్పు

కొత్త సైట్ వచ్చిన యూనిట్లలో మొదట తప్పేది ఇక్కడ. సైట్‌లో ఇంత తెలివి ఉంది కాబట్టి జీరోయింగ్ దానంతటదే సర్దుకుంటుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. కంప్యూటర్ తన లెక్కంతా మీరు చేసిన జీరో దగ్గరే మొదలుపెడుతుంది. మొదటి అంగుళం చిరిగిపోయిన టేపుతో దర్జీ ఎంత జాగ్రత్తగా కొలిచినా చొక్కా పొట్టిదే అవుతుంది. జీరో తప్పిన సైట్ కూడా ప్రతి దూరంలో అంతే నమ్మకంగా తప్పు చూపిస్తుంది.

లెక్క వేసి చూడండి. 100 మీటర్ల దగ్గర మీ గ్రూప్ మధ్య బిందువు 5 సెంటీమీటర్లు ఎడమకు ఉంది. "ఫిగర్ టార్గెట్‌లోనే ఉంది కదా" అని వదిలేశారు. 300 దగ్గర అది 15 సెంటీమీటర్లు, 400 దగ్గర 20. దానిపైన మీ గ్రూపింగ్ వెడల్పు కూడా కలపాలి. 100 దగ్గర 10 సెంటీమీటర్ల గ్రూప్ వేసేవాడికి 300 దగ్గర 30 సెంటీమీటర్లు, 400 దగ్గర 40 అవుతుంది. లేజర్ దూరం ఎంత కచ్చితంగా చెప్పినా ఈ గ్రూప్ ఒక్క సెంటీమీటరు కూడా చిన్నది కాదు. గ్రూప్‌ను తగ్గించేవి మీ పకడ్, మీ ఊపిరి, మీ ట్రిగ్గర్ ఆపరేషన్. ఆ పని మీది.

జీరో ఎందుకు కదులుతుందో కూడా తెలిసి ఉండాలి. మౌంట్ స్క్రూ వదులవడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం. కంపెనీ చెప్పిన టార్క్‌తో బిగించి, స్క్రూ తలకూ మౌంట్‌కూ కలిపి పెయింట్ పెన్‌తో ఒక సన్నని గీత గీయండి. గీత విరిగి కనిపిస్తే స్క్రూ తిరిగిందని రేంజ్‌కు వెళ్లకముందే తెలుస్తుంది. క్లీనింగ్ కోసం సైట్ తీసి మళ్లీ పెడితే పట్టాలో అదే గాడిలో పెట్టాలి, గాడి నంబరు రాసుకోవాలి. రైఫిల్ కింద పడితే, వాహనం నేల మీద దెబ్బలు తింటూ గంటలు ప్రయాణిస్తే జీరో మళ్లీ చూడాల్సిందే. కోత్‌లో రైఫిల్ మారినా అంతే. సైట్ మీ పేర, రైఫిల్ ఇంకొకరి పేర ఉన్నప్పుడు పాత జీరోకు అర్థం లేదు.

ఇక అమ్యునిషన్. సైట్‌లో బాలిస్టిక్ ప్రొఫైల్ అని ఒకటి ఉంటుంది. తూటా బరువు, వేగం, ఆకారం వంటి అంకెలు అందులో ఉంటాయి. లోపల ఒక రౌండ్ ప్రొఫైల్ ఉండి ఛాంబర్‌లోకి వేరే రౌండ్ వెళితే లెక్క తప్పుతుంది. ఈ తప్పు ఎంత దూరం పోగలదో 2015లో ఇద్దరు సెక్యూరిటీ పరిశోధకులు రూనా సాండ్విక్, మైకేల్ ఆగర్ చూపించారు. ట్రాకింగ్‌పాయింట్ రైఫిల్‌లోకి వైఫై ద్వారా చొరబడి తూటా బరువు అంకె ఒక్కటే మార్చారు. కాల్చినవాడు ఒక టార్గెట్‌కు గురిపెడితే తూటా రెండున్నర అడుగులు పక్కనున్న ఇంకో టార్గెట్‌కు తగిలింది. సైట్‌లో దాదాపు అంతా మామూలుగానే కనిపించింది. మీ సైట్‌ను ఎవరూ హ్యాక్ చేయకపోవచ్చు. మీ చేత్తో మీరే మెనూలో తప్పు ప్రొఫైల్ ఎంచుకున్నా ఫలితం ఆ దారిలోనే పోతుంది. అమ్యునిషన్ లాట్ మారిన ప్రతిసారీ ప్రొఫైల్ చూడటం, అయిదు రౌండ్లతో పరీక్షించడం అలవాటు చేసుకోండి. వైర్‌లెస్ సౌకర్యం ఉన్న సైట్ అయితే ఆర్డర్ లేకుండా దాన్ని ఆన్ చేయవద్దు. సొంత ఫోన్‌కు జత చేయడమైతే ఎన్నటికీ వద్దు.

వేలి కింద మారిన పని

పాత పద్ధతిలో ఉస్తాద్ మనకు చెప్పేది గట్టి పకడ్, సరైన శిస్త్, సరిగా ట్రిగ్గర్ ఆపరేషన్. ట్రిగ్గర్‌ను మెల్లగా, సమంగా వెనక్కి లాగుతూ పోవాలి. ఎప్పుడు పేలిందో మనకే ముందుగా తెలియకూడదు. స్మాష్ తరహా సైట్‌లో పద్ధతి వేరు. బటన్‌తో టార్గెట్‌ను లాక్ చేస్తారు, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటారు, గురి కుదిరిన క్షణంలో సైట్ రౌండ్‌ను వదులుతుంది. నొక్కిన క్షణానికీ పేలిన క్షణానికీ మధ్య ఒక ఎదురుచూపు వచ్చింది.

ఆ ఎదురుచూపులో మూడు రకాల పొరపాట్లు పుడతాయి. ట్రిగ్గర్ పట్టుకుని ఉండగా భుజం బిగుసుకుంటుంది, మజిల్ వణుకుతుంది, గురి కుదరడానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. రెండోది, ఓపిక చాలక వేలు వదిలేయడం. వదిలిన మరుక్షణంలో గురి కుదిరి ఉండేదేమో. మూడోది అన్నిటికన్నా ప్రమాదం. రైఫిల్ పేలలేదు. అది స్టాపేజా, మిస్‌ఫైరా, లేక సైట్ ఇంకా వేచి చూస్తోందా? ఈ ప్రశ్నకు జవాబు తెలియనివాడు మ్యాగజైన్ కొట్టి, కాకింగ్ హ్యాండిల్ లాగి, మంచి రౌండ్‌ను నేలపాలు చేస్తాడు. లేకపోతే ట్రిగ్గర్ మీద వేలు అలాగే ఉంచి మజిల్‌ను పక్కకు తిప్పుతాడు. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు మొదటిది సమయం తింటుంది. రేంజ్‌లో రెండోది ప్రాణం తీయగలదు.

అందుకే కొత్త సైట్ రాగానే మీ సెక్షన్‌లో ఇమ్మీడియట్ యాక్షన్ డ్రిల్‌కు ఒక మెట్టు కలపమని అడగండి. పేలకపోతే ముందు వేలు ట్రిగ్గర్ గార్డ్ బయటికి, మజిల్ టార్గెట్ వైపే, కన్ను డిస్‌ప్లే మీదికి. ఏ మోడ్‌లో ఉంది? లాక్ ఉందా, పోయిందా? బ్యాటరీ గుర్తు ఏం చెబుతోంది? ఆ తర్వాతే మాన్యువల్ మోడ్‌కు మారడమా, స్టాపేజ్ డ్రిల్ చేయడమా అన్నది. ఖాళీ రైఫిల్‌తో, కళ్లకు గంతలు కట్టుకుని మోడ్ స్విచ్ వేలికి దొరికేదాకా చేయాలి. చలికాలపు గ్లవ్స్‌తో మళ్లీ చేయాలి. అసలు ఇబ్బంది గ్లవ్స్‌తోనే బయటపడుతుంది. చిన్న బటన్లు ఉన్న ఏ సైట్ అయినా వేడి గదిలో డెమోకు బాగుంటుంది.

పాత ట్రిగ్గర్ ప్రాక్టీస్ వృథా పోదని కూడా ఇక్కడే తేలుతుంది. పకడ్ స్థిరంగా ఉన్నవాడి రెటికిల్ టార్గెట్ చుట్టూ తక్కువ తిరుగుతుంది, సైట్ తొందరగా వదులుతుంది. పకడ్ లేనివాడి చేతిలో అదే సైట్ ఎదురుచూస్తూనే ఉంటుంది. ఇద్దరికీ ఒకే మెషీన్, ఒకే బ్యాటరీ. స్కోరు మాత్రం వేరు.

నమ్మకాన్ని కొలిచి ఇవ్వాలి

లేజర్ ఒక గీతలా పోతుందని అనుకుంటాం. నిజానికి దూరం పోయేకొద్దీ దాని కిరణం వెడల్పవుతుంది. టార్గెట్ ముందు గడ్డి పరక, ముళ్లకంప, తీగ ఉంటే దాన్ని కొట్టి వెనక్కి రావొచ్చు. సన్నని టార్గెట్ పక్క నుంచి పోయి వెనకున్న గోడ దూరం చూపొచ్చు. పొగమంచు, వాన, దుమ్ములో అసలు అంకే రాకపోవచ్చు. దీనికి మందు ఒకటే, లేజర్ నొక్కేముందు మనసులో మీ అంచనా చెప్పుకోండి. మీ అంచనా 350, సైట్ 340 చూపిస్తే సరే. 120 చూపిస్తే మీరు కొమ్మను కొట్టారు. సొంత అంచనా లేనివాడికి 120 తప్పని తెలిసే దారే లేదు. పాతకాలపు దూరం అంచనా పద్ధతులు, మనిషి ఎంత ఎత్తు కనిపిస్తున్నాడు, ఫోర్‌సైట్ కొన టార్గెట్‌ను ఎంత కప్పుతోంది అన్నవి ఈ తనిఖీకి ఇప్పుడు ఇంకా ఎక్కువ అవసరం.

రాత్రిపూట ఇంకో జాగ్రత్త. ఇన్‌ఫ్రారెడ్ ఎయిమింగ్ లేజర్ మన మామూలు కంటికి కనిపించదు, నైట్ విజన్ పెట్టుకున్న ప్రతి కంటికీ కనిపిస్తుంది. ఎదుటివాడి దగ్గర కూడా నైట్ విజన్ ఉంటే మీరు ఎక్కడ ఉన్నారో మీరే గీత గీసి చూపిస్తున్నట్టు. లేజర్ ఎప్పుడు వాడాలో మీ కమాండర్ ఆర్డర్‌లో ఉండాలి, మీ సరదాలో కాదు.

కంప్యూటర్ ఆకారాన్ని, కదలికను పట్టుకుంటుంది. అతను ఎవరు, చేతిలో ఉన్నది రైఫిలా కర్రా, లొంగిపోవడానికి వస్తున్నాడా అన్నది దానికి తెలియదు. ఇద్దరు మనుషులు ఒకరినొకరు దాటినప్పుడు లాక్ ఒకరి మీది నుంచి ఇంకొకరి మీదికి జారే ప్రమాదం ఉంది. వెనకున్న ఇల్లు దాని లెక్కలో లేదు. ఎంక్వైరీ వచ్చిన రోజు ట్రిగ్గర్ నొక్కిన వేలు ఎవరిదన్నదే అడుగుతారు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఎంత అని కాదు. జనం మధ్య డ్యూటీ చేసే సీఏపీఎఫ్, పోలీసు తమ్ముళ్లు దీన్ని రెండుసార్లు చదవండి. లాక్ గుర్తు వెలగడం అనుమతి కాదు.

బరువు గురించి ఎవరూ బ్రోషర్‌లో పెద్ద అక్షరాల్లో రాయరు. అమెరికా కొత్త ఎం7 రైఫిల్ 6.8 ఎంఎం రౌండ్ వాడుతుంది. ఆ రౌండ్లు బరువైనవి కాబట్టి, పాత ఎం4తో 210 రౌండ్లు మోసే సిపాయి దీనితో 140 మోస్తాడు. అదే దేశంలో ఎక్స్‌ఎం25 అనే 25 ఎంఎం ఆయుధం ఉండేది. లేజర్‌తో దూరం కొలిచి, శత్రువు తల మీద గాలిలో పేలే రౌండ్‌ను అది కాల్చేది. 2010లో అఫ్ఘానిస్తాన్ దాకా వెళ్లి మంచి పేరే తెచ్చుకుంది. 2013లో శిక్షణలో పేలుడు జరిగి ఒక సైనికుడు గాయపడ్డాడు. మోయలేని బరువు, చాలీచాలని రౌండ్లు, ఖర్చు అన్నీ కలిసి 2018లో ఆ ప్రోగ్రామ్‌నే మూసేశారు. సైట్ ఎంత గొప్పదైనా దాని బరువుకు బదులు మీరు ఏం వదిలి వెళుతున్నారో లెక్క చూడండి. అదనపు బ్యాటరీ కూడా బరువే, కానీ అది లేకుండా వెళ్లవద్దు. చలి ప్రదేశాల్లో బ్యాటరీ శక్తి తొందరగా పడిపోతుంది. స్పేర్‌ను చొక్కా లోపల ఒంటికి ఆనేలా పెట్టుకోండి. ఎక్స్‌ఎం157లో అద్దం మీదే చెక్కిన రెటికిల్ ఉంది, కరెంటు పోయినా గురి కనిపిస్తుంది. మీకు వచ్చే సైట్‌లో అలాంటిది ఉందో లేదో మొదటి రోజే అడగండి. లేకపోతే ఐరన్ సైట్‌ను మడిచి మర్చిపోకండి.

రౌండ్లు తక్కువ, నేర్చుకోవలసింది ఎక్కువ

ఏడాదికి మీకు దొరికే ప్రాక్టీస్ రౌండ్లు ఎన్నో మీకు తెలుసు. కొత్త సైట్ వచ్చిందని అవి రెట్టింపు కావు. ఉన్నవాటిని పంచుకునే పద్ధతి మార్చుకోవాలి. ప్రతి ఫైరింగ్‌లో మొదటి గ్రూప్ కంప్యూటర్ ఆఫ్‌లో వేయండి. చెయ్యి ఎంత అలవాటు తప్పిందో, జీరో ఉందో లేదో ఒకేసారి తెలుస్తుంది. ఆ తర్వాత ఆన్ చేసి వేసిన గ్రూప్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. కంప్యూటర్ ఆన్‌లో గ్రూప్ పెద్దదైతే డిస్‌ప్లే చూస్తూ మీ తల స్టాక్ మీద జరుగుతోందని అనుమానించాలి. చెంప ప్రతిసారీ ఒకేచోట ఆనాలి.

లేజర్‌ను మీ గురువుగా వాడుకోండి. డ్యూటీ పోస్టులో కూర్చుని, ఆర్డర్ ఉన్నంతవరకు, కనిపించే చెట్టు, రాయి, స్తంభం దూరం ముందు అంచనా కట్టి, కాగితం మీద రాసి, తర్వాత లేజర్‌తో సరిచూడండి. నెల రోజులు ఇలా చేసినవాడి కన్ను చాలా మారుతుంది. పూర్వం ఈ సరిచూసుకునే వీలు మనకు లేదు. పాత విద్యను కొత్త మెషీన్ బలపరిచే చోట ఇది ఒకటి, దీన్ని వాడుకునేవాళ్లు తక్కువ.

డ్రై ప్రాక్టీస్‌కు ఖర్చు లేదు. బ్యారెల్ కొసన నాణెం నిలబెట్టి అది పడకుండా ట్రిగ్గర్ లాగే అభ్యాసం ఇప్పటికీ అంతే విలువైనది. సిమ్యులేటర్లు కూడా బాగున్నాయి. హైదరాబాద్‌లో 1993లో మొదలైన జెన్ టెక్నాలజీస్ తయారుచేసే చిన్న ఆయుధాల సిమ్యులేటర్లు ఈ రంగంలో మన దగ్గర పేరున్నవి. ట్రిగ్గర్ లాగినప్పుడు మజిల్ ఎటు కదిలిందో స్క్రీన్ మీద చూడటం వాటిలో అసలైన లాభం. నిజమైన గాలి, నిజమైన రికాయిల్, బురదలో మోచేతుల నొప్పి అక్కడ దొరకవు. సిమ్యులేటర్ స్కోరు చూసి ధీమా పెంచుకోవద్దు.

భాష సంగతి కూడా చెప్పాలి. సైట్ మాన్యువల్ ఇంగ్లీషులో ఉంటుంది, ఉస్తాద్ హిందీలో చెబుతారు, మనం తెలుగులో ఆలోచిస్తాం. ఈ మూడింటి మధ్య ఒక్క సెట్టింగ్ తప్పుగా అర్థమైనా రైఫిల్ తప్పుగా కొడుతుంది. మెనూలో కనిపించే మాటలను జేబు నోట్‌బుక్‌లో తెలుగు లిపిలో రాసుకుని, పక్కనే దాని అర్థం, ఎప్పుడు ముట్టుకోవాలి, ఎప్పుడు ముట్టుకోకూడదు అని రాసుకోండి. గోప్యమని చెప్పిన అంకెలు మాత్రం రాయవద్దు, ఫోన్‌లో ఫొటో తీయవద్దు. సైట్‌తో సెల్ఫీ వాట్సాప్‌లో పెట్టిన జవాను కెరీర్ ఆ ఫొటోతోనే ఆగిపోగలదు.

పైకి వెళ్లే దారి, కాగితం మీద

కొత్త పరికరం వచ్చినప్పుడు యూనిట్‌లో దాన్ని పూర్తిగా తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురే ఉంటారు. కొన్నాళ్లపాటు కంపెనీ కమాండర్ నుంచి క్వార్టర్‌మాస్టర్ దాకా అందరూ వాళ్లనే పిలుస్తారు. ఆ ఇద్దరు ముగ్గురిలో ఉండాలంటే రెండు అర్హతలు కావాలి. ఫైరింగ్‌లో మంచి క్లాసిఫికేషన్, పరికరం మీద పట్టు. మొదటిది లేకుండా రెండోది ఉన్నవాణ్ణి "టెక్నికల్ బాగా తెలుసు" అని మెచ్చుకుంటారు, మహూలోని ఇన్‌ఫాంట్రీ స్కూల్ కోర్సుకు మాత్రం వేరేవాడి పేరు వెళుతుంది. ముందు చేతితో కొట్టి చూపించాలి. అప్పుడే మీరు మెషీన్ గురించి చెప్పేదానికి విలువ.

చేతిపని, ఎలక్ట్రానిక్స్ మీద ఆసక్తి ఉన్నవారికి ఇంకో దారి ఉంది. ఈ సైట్లు రిపేరు చేసేది ఈఎంఈ కోర్. ఆ కోర్ వాళ్ల ఎంసీఈఎంఈ కాలేజీ మన సికింద్రాబాద్‌లోనే ఉంది. మచిలీపట్నంలో 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీగా మొదలై, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసిన యూనిట్ నైట్ విజన్, ఆప్టికల్ పరికరాలు తయారుచేస్తోంది. యూనిఫాం వదిలాక రెండో ఉద్యోగం వెతికే రోజు అందరికీ వస్తుంది. పదిహేనేళ్లు సైట్లు వాడి, వాటి లోపాలు రాసి ఉంచినవాడికి ఇలాంటి చోట్ల ఇంటర్వ్యూలో చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

రాసి ఉంచడం అన్నది తేలికగా తీసుకోకండి. అమెరికా రక్షణ శాఖ టెస్టింగ్ విభాగం 2024 సంవత్సరపు నివేదికలో ఎక్స్‌ఎం157 వాడకం సౌలభ్యాన్ని సైనికులు సగటు కన్నా తక్కువగా, ఫెయిల్ స్థాయిలో లెక్కించారని రాసింది. ఆ సైట్ బిగించిన కొత్త రైఫిల్ ముఖ్యమైన లోపం రాకుండా 72 గంటల యుద్ధ మిషన్ పూర్తిచేసే అవకాశం తక్కువని కూడా అందులో ఉంది. కోట్ల డాలర్ల కాంట్రాక్టు మీద ఆ మాట పడిందంటే, రేంజ్‌లో పడుకున్న మామూలు సిపాయిలు తమకు ఎదురైనదాన్ని సరిగా చెప్పారు కాబట్టే.

మీ యూనిట్‌లో ట్రయల్ జరిగితే "సైట్ బాగాలేదు సాబ్" అనకండి. ఆ మాట ఎవరికీ ఉపయోగపడదు, మీ మీదే చిరాకు తెస్తుంది. ఇలా రాయండి: ఏ తేదీ, ఏ రేంజ్, ఎంత దూరం, ఎండా వానా, గ్లవ్స్ ఉన్నాయా, ఏ అమ్యునిషన్ లాట్, బ్యాటరీ ఎంత మిగిలింది, సైట్ ఏం చూపింది, రౌండ్ ఎక్కడ పడింది, సైట్ ఆఫ్ చేసి వేస్తే ఎక్కడ పడింది. చివరి రెండూ పక్కపక్కన ఉంటే తప్పు మెషీన్‌దా మీదా అన్నది చదివేవారికి వెంటనే తెలుస్తుంది. తప్పు మీది అని తేలినా రాయండి. ఆ కాగితం కింద సంతకం, పక్కన సాక్షిగా మీ సెక్షన్ కమాండర్ సంతకం పెట్టించి, ఒక కాపీ రేంజ్ రికార్డులో ఉండేలా చూసుకోండి.